కేశవరావు కట్టిన తొట్టి

ఆ అధ్యాయాన్ని కేశవరావు గారికి ఎవరూ అంటగట్టలేదు. ఆయనే చెయ్యెత్తి అడిగి తీసుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నాలు ఒక అద్దె హాల్లో కూడే తెలుగు ప్రార్థన బృందం మోషే ధర్మశాస్త్రాన్ని మొదటినుంచీ వరసగా చదువుకుంటూ వస్తోంది. వారానికొకరు లేచి ఒక అధ్యాయం వివరించాలి. జలప్రళయం, ఎర్రసముద్రం వచ్చినప్పుడు నేనంటే నేనని పోటీపడ్డ బ్యాంకు ఉద్యోగులూ సాఫ్ట్‌వేర్ వాళ్ళూ, బలులూ శుద్ధి విధులూ వచ్చేసరికి తలలు వంచుకుని ఫోన్లు చూసుకున్నారు. అందులోనూ ఒక విధి మరీ విచిత్రమైనది. ఇంటి గోడకు తెగులు పడితే ఏం చెయ్యాలన్నది దాని సంగతి. గోడ మీద పచ్చగానో ఎర్రగానో చారలు కనిపిస్తే యాజకుణ్ణి పిలవాలి. ఆయన చూసి, ఇల్లు మూయించి, వారం తర్వాత మళ్ళీ వస్తాడు. చారలు పాకి ఉంటే ఆ రాళ్ళు ఊడబెరికి ఊరవతల పారెయ్యాలి. లోపలి గోడలన్నీ గీకించి, కొత్త రాళ్ళు పెట్టి, కొత్త అడుసు పూయాలి. అప్పటికీ తెగులు తిరిగొస్తే ఇల్లే పడగొట్టాలి.

“రాళ్ళు, అడుసు, గీకుడు. ఇది మన డిపార్ట్‌మెంటేనయ్యా, నాకివ్వండి” అన్నారట కేశవరావు గారు. పీడ వదిలిందని అందరూ నవ్వి ఇచ్చేశారట.

ఆయన తీసుకున్నారు గానీ చదవాల్సింది నేను. ఆయన రెండు కళ్ళకూ శుక్లాలు. ఆపరేషన్ అంటే వచ్చే నెల, వచ్చే నెల అంటూ గడుపుతున్నారు. నేను సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో ఆయన ఫ్లాట్‌లో ఒక గదిలో అద్దెకుంటాను. పగలు ఒక గిడ్డంగిలో పెట్టెలు స్కాన్ చేస్తాను. చదువు మధ్యలో ఆగిపోయింది. తెలుగువాళ్ళ సమావేశాలకు పోతే ముందు ఏ కంపెనీ అంటారు, తర్వాత ఏ వర్క్ పాస్ అంటారు, ఆ తర్వాత ఏమీ అనరు. లైబ్రరీలో ఆ గొడవ లేదు. దేవుణ్ణి నమ్మను కానీ, నమ్మేవాళ్ళు తెరవని పుస్తకాలు తెరిచి చూడటమంటే నాకు ఒక రకమైన కసి. అందుకని హీబ్రూ విధుల మీద పాత పండితులు రాసిన వ్యాఖ్యానాల అనువాదాలు కూడా తెచ్చుకుని పెట్టాను. సాయంత్రం వంట అయ్యాక ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంటారు. నేను కూర్చోలేను. హాల్లో ఆ చివరినుంచి ఈ చివరికి తిరుగుతూ చదువుతాను.

కేశవరావు గారిది బాపట్ల దగ్గర. తండ్రి రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్. ఈయన విశాఖపట్నంలో ఓడల మరమ్మతు చోట పైపు పని నేర్చుకుని, మీసాలు సరిగా రాకముందే సింగపూర్ వచ్చిపడ్డారు. టువాస్ వైపు ఒక షిప్‌యార్డులో ఫిట్టరుగా చేరి, చివరికి ఇతరులు బిగించిన జాయింట్లు పరీక్షించే ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. నీటి ఒత్తిడి పెట్టి చూసి, బాగుంటే పైపు మీద సుద్దముక్కతో ఒక టిక్కు పెట్టేవారు. ఆ టిక్కు లేకుండా ఓడ కదిలేది కాదు. “నేను టిక్కు పెట్టిన జాయింటు సముద్రంలో కారిందన్నవాడు ఇంతవరకూ పుట్టలేదబ్బాయ్” అని నేను గదిలో దిగిన రోజే చెప్పారు. తర్వాత కూడా చాలాసార్లు చెప్పారు.

ఆయన భార్య దీనమ్మ గారిని నేను చూడలేదు. నేను రాకముందే పోయారు. ఆవిడకు ఇక్కడ అన్నీ అలవాటయ్యాయట, షవర్ ఒక్కటి తప్ప. నిలబడి వానలో తడిసినట్టు అదేం స్నానమని విసుక్కునేవారట. చెంబుతో ముంచుకుని భుజం మీంచి పోసుకుంటే గానీ ఒళ్ళు కడిగినట్టుండదు. ఆవిడ మోకాళ్ళు పట్టేశాక కేశవరావు గారు సెలవు పెట్టి స్నానాలగదిలో స్వయంగా ఒక సిమెంటు తొట్టి కట్టారు. నేల తవ్వి, గచ్చు కిందనుంచి ప్రత్యేకంగా ఒక పైపు లాగి, తొట్టికి తెల్ల పలకలు అతికించి, పక్కన కూర్చోవడానికి ఒక గట్టు పోశారు. సెంగ్‌కాంగ్ నుంచి, బిషాన్ నుంచి కూడా తెలుగు కుటుంబాలు వచ్చి చూసి పోయాయట. ఆవిడ పోయాక కూడా ఆయన రోజూ పొద్దున్నే తొట్టి నింపుతారు. చెంబూ పీటా ఆవిడ పెట్టినచోటే ఉంటాయి. నేను షవర్ కింద స్నానం చేస్తే తలుపవతల నుంచి వింటారు. “తొట్టి ఉండగా అదేం ఖర్మ నీకు?” అంటారు.

మా కింది ఫ్లాట్ అబ్దుల్ ఖాదిర్ గారిది. హైదరాబాద్ మలక్‌పేట మనిషి, ఒక బ్యాంకులో లెక్కల తనిఖీ చేస్తారు. భార్య షహర్ బానో, కూతురు హుమా. హుమా ప్రైమరీ స్కూల్లో చదువుతోంది. కేశవరావు గారూ ఖాదిర్ గారూ ఎన్నో ఏళ్ళుగా సాయంత్రాలు కింద కాఫీ షాపులో ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతారు. ఒకరు యేసు అంటారు, ఒకరు ఈసా అంటారు, ఆ ఒక్కటీ తప్ప అన్నింటి మీదా పోట్లాడుకుంటారు.

హుమా గది సీలింగ్ మీద మొదట టీ ఒలికినట్టు ఒక మరక పడింది. తర్వాత అది వెడల్పై అంచుల్లో పచ్చబడింది. మా స్నానాలగదికి సరిగ్గా దిగువన వాళ్ళ స్నానాలగది, దాని గోడను ఆనుకుని ఆ గది ఉంటాయి.

ఇక్కడి పద్ధతి ప్రకారం సీలింగ్ కారితే పైవాడూ కిందివాడూ ఇద్దరూ కలిసి బాగుచేయించుకోవాలి. కానీ అది పైవాడు తలుపు తీస్తేనే మొదలవుతుంది. పైన నేల తవ్వకుండా కింద ఎన్నిసార్లు రంగు వేసినా లాభం లేదు. ఖాదిర్ గారు పైకొచ్చి మొహమాటంగా చెప్పారు.

“అన్నా, పిల్ల రూమ్‌ల జర తేమ దిగుతుంది. మీ బాత్రూం ఒకసారి ఎవరికన్నా చూపిద్దమా?”

“ఎవరికో ఎందుకు? నేను లేనా?” అన్నారు కేశవరావు గారు.

చెక్క సుత్తి, టార్చి పట్టుకుని కిందికి దిగారు. వెనకాల నేనూ వెళ్ళాను. హుమా మంచమెక్కి సీలింగ్ వైపు వేలు పెట్టి చూపించింది.

“అంకుల్, మై సీలింగ్ గాట్ మ్యాప్ లా. సీ, దిస్ వన్ ఆస్ట్రేలియా. లాస్ట్ వీక్ స్మాల్ ఓన్లీ.”

దగ్గింది. నవ్వింది. మళ్ళీ దగ్గింది.

కేశవరావు గారు స్టూలెక్కి సీలింగ్‌ను సుత్తితో మెల్లగా కొట్టి చెవి పెట్టి విన్నారు. అరచేత్తో రాశారు. ఆ తర్వాత పైకొచ్చి ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, బయట వరండాలో నీళ్ళ మీటర్ ముందు వంగి చాలాసేపు చూశారు. మళ్ళీ కిందికెళ్ళి తీర్పు చెప్పారు.

“మీటరు కదల్లేదు. మా దగ్గర లీకు లేదు. ఇది ఆవిరి ఖాదర్. కిటికీలు మూసుకుని ఏసీ వేస్తారు, ఆ పక్కన బిర్యానీ దమ్ముకు పెడతారు. ఆవిరి పైకి పోయి అక్కడ నీళ్ళవుతోంది. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి.”

షహర్ బానో వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతిలో గరిటె. ఖాదిర్ గారు “గట్లనా?” అని ఊరుకున్నారు. మెట్లెక్కుతుంటే నాకు ఒళ్ళు మండింది. పిల్ల గదికీ వంటింటికీ మధ్య మొత్తం హాలు ఉంది.

ఆ సాయంత్రం చదువు మొదలైంది.

“ఇంటి యజమాని తనే వెళ్ళి యాజకుడితో చెప్పాలి” అని నేను తిరుగుతూ చదివాను. “అయితే మా ఇంట్లో తెగులుంది అనకూడదు. తెగులులాంటిదేదో కనిపిస్తోంది అనాలి. వాడు మహాపండితుడైనా, అది తెగులేనని ఖాయంగా తెలిసినా సరే, అలాగే అనాలని వ్యాఖ్యానం.”

“తెలిసినవాడు తెలుసని చెప్తే తప్పేంటంట? షిప్‌యార్డులో నేను అట్టా నీళ్ళు నములుతూ రిపోర్టు ఇస్తే ఇంటికి పంపేవాళ్ళు.”

“తేల్చే అధికారం అతనిది కాదు కాబట్టి.”

“హూఁ. ఇంకా?”

“కనాను దేశం వాళ్ళు పారిపోతూ గోడల్లో బంగారం దాచారనీ, ఆ గోడలు పగలగొడితే అది దొరకాలనే దేవుడు ఈ తెగులు పంపాడనీ ఒకాయన రాశాడు.”

ఆయన పకపకా నవ్వారు. “ఇది చెప్పాలబ్బాయ్ మనోళ్ళకి. ఆదివారం ఇంటికి పోయి కాండో గోడలన్నీ పగలగొట్టుకుంటారు. ఇంకా?”

“అడిగిన పక్కింటివాడికి లేదు లేదని చెప్పే పిసినారి ఇంటికి వస్తుందని ఇంకొకరు. అసలు ఇలాంటి ఇల్లు ఎప్పుడూ లేదు, ఎప్పటికీ ఉండబోదు, ఊరికే చదువుకోవడానికి పెట్టారని మరొకరు. ఇద్దరిళ్ళకూ మధ్య ఉమ్మడి గోడైతే ఇద్దరూ కలిసి రాళ్ళు పీకాలి, ఇద్దరూ కలిసి గీకాలి, ఇద్దరూ కలిసి కొత్తవి పెట్టాలి.”

ఆయన నవ్వు ఆగింది. నేను కావాలనే ఆగకుండా తర్వాతి వాక్యం గట్టిగా చదివాను.

“చూపు మందగించినవాడు తెగుళ్ళు పరీక్షించకూడదు. మనిషి ఎవరి తెగులైనా చూడవచ్చు, తనది తప్ప.”

కేశవరావు గారు కళ్ళు తెరిచారు. ఆ కళ్ళలో పాలు కలిపినట్టున్న తెలుపు నా వైపు తిరిగింది.

“ఇది ధర్మశాస్త్రంలో ఉందా?”

“లేదు. తర్వాత పండితులు చెప్పింది.”

“అయితే వదిలెయ్. మనకి లేఖనం చాలు. మనుషులు చేర్చినవి అక్కర్లా.”

మర్నాడు పనికి పోయేముందు నేను కుళాయిలన్నీ కట్టేసి మీటర్ ముందు కూర్చున్నాను. మీటర్లో ఒక చిన్న ఎర్ర చక్రం ఉంటుంది. చుక్క నీరు పోయినా తిరుగుతుంది. అది తిరుగుతోంది. బద్ధకంగా, ఆగుతున్నట్టే ఉండి ఆగకుండా తిరుగుతోంది. లోపలికెళ్ళి చెప్పాను.

“గాలి” అన్నారాయన, దోసె తిప్పుతూ.

“గాలికి మీటరు తిరుగుతుందా అంకుల్?”

“పైపులో గాలి బుడగలుంటే తిరుగుద్ది. ముప్పై ఏళ్ళు నేను చేసిన పనిని గూగుల్లో చూసి నువ్వు నాకు నేర్పుతావా?”

“గూగుల్లో కాదు. నా కళ్ళతో చూశాను. మీకు కనపడలేదు, నాకు కనపడింది.”

అట్లకాడ గట్టు మీద పెట్టి స్టవ్ కట్టేశారు. “అబ్బాయ్, ఇల్లు నచ్చకపోతే ఇంకో గది చూసుకో. ఈ బ్లాకులో గదులకేం తక్కువ లేదు” అన్నారు. సగం కాలిన దోసె పెనం మీదే ఉండిపోయింది. నేను తినకుండా పోయాను.

ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గాయి. చదువు ఆగింది. ఆయన సాయంత్రం కాఫీ షాపుకు దిగేవారు, ఒక్కరే కూర్చునేవారు. ఖాదిర్ గారికి ఆఫీసులో ఆలస్యమవుతోందట. అలా అని ఆయనే నాకు చెప్పారు, నేను అడగకపోయినా. ఖాదిర్ గారు ఆరింటికల్లా ఇంటికి రావడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఫ్లాట్లు చూసే అధికారులకు ఫిర్యాదు చేస్తే ఎవరో ఒకరు వచ్చి తలుపు తీయించేవాళ్ళే. ఆ మాట నేను లిఫ్టు దగ్గర ఖాదిర్ గారితో అన్నాను కూడా.

“అన్న మీద కంప్లెయింట్ ఎట్ల ఇస్త బేటా? హుమా పుట్టినప్పుడు నా కంటే ముందు ఆస్పత్రికి ఉరికింది దీనమ్మ భాభీ” అన్నారు. బ్యాంకులో మనుషుల లెక్కలన్నీ విప్పి చూసేవాడు పక్కవాడి నేల విప్పించలేడు. నాకు ఆయన మీదా కోపమొచ్చింది.

శనివారం షహర్ బానో లిఫ్టులో కనిపించారు. ఒక చేతిలో పిల్ల స్కూల్ బ్యాగు, ఇంకో చేతిలో బట్టల సంచి. పక్కన హుమా, ముక్కుకూ నోటికీ మాస్కు.

“ఎక్కడికాంటీ?”

“సెంగ్‌కాంగ్‌ల మా చెల్లె ఇంటికి. డాక్టర్ చెప్పిండు, ఆ రూమ్‌ల పండద్దని. ఇంకో రూమ్‌ల పండబెట్టినా వాసన ఇల్లంతా ఉన్నది. ఈడనే స్కూలు, ఆడికెల్లి రోజూ రెండు రైళ్ళు మారాలె పిల్ల.” ఆవిడ కాసేపు లిఫ్టు అంకెల వైపు చూశారు. “మీ అంకుల్‌కు చెప్పు. బిర్యానీ బంద్ జేసిన. ఇప్పుడు ఆవిరి ఎట్లుందో అడుగు.”

నేను పైకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్క మాట కూడా మెత్తబరచలేదు.

కేశవరావు గారు టీవీ ఆపేశారు. నేను హాల్లో తిరుగుతున్నాను. గది ఖాళీ చేయమంటే చేసెయ్యడానికి సంచి కూడా సర్దుకున్నాను. ఆయన ఉన్నట్టుండి అడిగారు.

“అబ్బాయ్, యాజకుడు రాకముందు ఏదో చెయ్యమంటాడు చూడు. ఆ ముక్క లేఖనంలోనే ఉందా, పండితులదా?”

“లేఖనంలోనే ఉంది.”

“చదువు.”

వెతికి తీశాను. యాజకుడు చూడ్డానికి లోపలికి రాకముందే ఇల్లంతా ఖాళీ చెయ్యమని ఆజ్ఞాపించాలి. లేకపోతే అతను తెగులని తేల్చిన క్షణంలో ఇంట్లో ఉన్నదంతా అశుద్ధమైపోతుంది. అతను మాట అనేదాకా ఏదీ అశుద్ధం కాదు. అందుకని ముందే మంచాలూ కుండలూ అన్నీ బయటపెట్టుకోమంటాడు.

“ఇదంతా మోసం” అన్నాను. “మా గిడ్డంగికి తనిఖీవాళ్ళు వస్తున్నారంటే నలిగిన పెట్టెలన్నీ వెనక లారీలో దాచేస్తారు. ఇదీ అదే. నిన్నటిదాకా ఆ గోడ పక్కనే ఉన్న కుండ, గుమ్మం దాటితే శుద్ధమెలా అవుతుంది?”

“మోసం కాదబ్బాయ్.” ఆయన మెల్లగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు అన్నారు. “ఓడలో ప్రెజర్ టెస్టు పెట్టేముందు మేమేం చేస్తాం? ఆ లైను మీదున్న ఒత్తిడి కొలిచే గేజీలు, గాజు మీటర్లు అన్నీ విప్పి గుడ్డలో చుట్టి పక్కన పెడతాం. ఆ ఒత్తిడికి అవి పగిలిపోతాయి. టెస్టు పైపుకి. గేజీకి కాదు. ఆ యాజకుడూ అదే అంటున్నాడు. చూడ్డానికొచ్చేవాడికి గోడతోనే పని. నీ కుండల మీద పగేం లేదు. పోగొట్టుకోలేనివి ముందు తీసేసుకో, తర్వాతే నేను లోపలికొస్తాను అంటున్నాడు.”

నేను చదివిన ఏ వ్యాఖ్యానంలోనూ గేజీలు లేవు. ఒప్పుకోబుద్ధి కాలేదు. పేదవాడి మట్టికుండ మీద కూడా దేవుడికి జాలి అని పండితులు రాసింది నేను చదివాను. అప్పుడు అది నాకు ప్రసంగంలా వినిపించింది.

ఆయన లేచి స్నానాలగదిలోకి వెళ్ళారు. చెంబు తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టారు. పీట తెచ్చారు. గోడకు తగిలించి ఉన్న దీనమ్మ గారి పాత తువ్వాలు తెచ్చారు. మళ్ళీ లోపలికెళ్ళి, ఈసారి వట్టి చేతులతో గుమ్మంలో నిలబడ్డారు.

“అన్నీ తీశాను. ఆ తొట్టినెట్టా బయటపెట్టను?”

తొట్టి నేలలో కట్టింది. అది బయటికి రావాలంటే ముక్కలుగా రావాలి. ఈ వారాలన్నీ ఆయన మీటరు కదల్లేదన్నది, బిర్యానీని ఆడిపోసుకున్నది, నన్ను గది చూసుకోమన్నది, అన్నీ ఆ ఒక్కదానికోసమేనని అప్పుడు తెలిసింది. టిక్కు పెట్టిన చెయ్యి పరువు కూడా అందులో ఉంది. కానీ అది రెండోది.

చొక్కా వేసుకుని కిందికి బయల్దేరారు. పిలవకుండానే నేనూ వెళ్ళాను. ఖాదిర్ గారు తలుపు తీశారు. లోపలినుంచి తేమ వాసన గుప్పున కొట్టింది.

“ఖాదర్, మా బాత్రూం చూపించు ఎవరికైనా” అన్నారు కేశవరావు గారు. “నాకు తెలీట్లేదు.”

ఆ చివరి మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

“నువ్వే పిలువన్నా ఎవర్నన్న. నీకు ఎరుకున్నోళ్ళు ఉంటరు గద.”

“వద్దు. నేను పిలిస్తే, వచ్చినోడు నేను చెప్పినట్టే చెప్తాడు. వాణ్ణి అట్టా చెప్పిస్తా నేను. నువ్వు పిలువు.”

పిల్లను సెంగ్‌కాంగ్‌లో దింపి అప్పుడే తిరిగొచ్చిన షహర్ బానో వెనకనుంచి అందుకున్నారు. “ఏం భాయ్‌సాబ్, మా బిర్యానీ ఆవిరి తగ్గిందా?”

“అది నా నోటి ఆవిరమ్మా” అన్నారాయన. “కూర్చోమంటావా, నిలబడే తిట్టించుకోనా?”

ఆవిడ కుర్చీ లాగారు.

మరుసటి శనివారం ఖాదిర్ గారు పిలిచిన కాంట్రాక్టర్ వచ్చాడు, ఒక పెద్దవయసు చైనీస్ మనిషి. తొట్టిని చూసి నోరు తెరిచాడు. “వా, అంకుల్, యూ కీప్ ఫిష్ ఆ?” అన్నాడు. చుట్టూ తట్టి చూసి తలూపాడు. “దిస్ వన్ మస్ట్ గో. నో చాయిస్.”

పలకలు పగలడం మొదలవగానే కేశవరావు గారు బయట వరండాలో ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని, వీపు ఇంటివైపు పెట్టి కూర్చున్నారు. సుత్తి దెబ్బ పడినప్పుడల్లా ఆయన భుజాలు కదిలాయి. నేను లోపలికీ బయటికీ తిరిగాను. మధ్యలో ప్రార్థన బృందం పెద్ద ఫోన్ చేశారు, రేపటి ప్రసంగం సిద్ధమేనా అని.

“కుదరదండీ. ఇల్లు మూసి ఉంది” అన్నారు ఈయన.

“ఎక్కడికైనా వెళ్తున్నారా?”

“ఎక్కడికీ లేదు. ఇక్కడే ఉన్నాను.” ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

గచ్చు లేచాక కాంట్రాక్టర్ కేకేశాడు. లోపల తొట్టి లేదు. తడి సిమెంటు గుట్ట, దాని కింద తుప్పుపట్టిన పైపు. బంగారం గురించి ఒక వెటకారం నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. కేశవరావు గారు మోకాళ్ళ మీద వంగారు. కంటికి ఆనకపోతే వేలితో తడిమారు. జాయింటు మీద వేలు ఆగింది. అక్కడినుంచి ఒక తడిసిన పీచు పోగు లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపారు.

“హూ డూ దిస్ వన్?” అన్నాడు కాంట్రాక్టర్. “నో టేప్, యూజ్ రోప్. ఎనీహౌ డూ.” ఎలా పడితే అలా చేశారని వాడి ఎత్తిపొడుపు.

“మీ” అన్నారు కేశవరావు గారు. “ఐ డిడ్.”

వాడు కంగారుపడ్డాడు. “నో లా అంకుల్, లాస్ట్ సో లాంగ్ ఆల్రెడీ. గుడ్ వర్క్ వాట్.”

ఆయన నా వైపు తిరిగి తెలుగులో చెప్పారు. “జనుము. విశాఖపట్నంలో మా మేస్త్రీ నేర్పాడు. జనుము చుట్టి రంగు పూస్తే నీళ్ళకి ఉబ్బి బిగుసుకుపోద్ది. ఇక్కడ అందరూ తెల్ల టేపు చుడతారు. నేనూ యార్డులో టేపే చుట్టాను. దీనమ్మ తొట్టికి మాత్రం, మంచిది వెయ్యాలని, ఊరినుంచి తెప్పించి ఇది వేశాను.”

ఇన్ని రోజులు నేను ఎదురుచూసింది ఈ క్షణం కోసమే. తీరా వచ్చాక ఏ తృప్తీ లేదు. ఎవరి మీద విసుక్కోవాలో తెలియక కాంట్రాక్టర్ పారను అడ్డం తీసి గోడకు పెట్టాను. వాడు మళ్ళీ తీసి అడ్డంగా పెట్టుకున్నాడు.

తర్వాత రెండిళ్ళూ ఒకటైపోయాయి. కింద సీలింగ్ గీకుతున్నందుకు హుమా మంచమూ పుస్తకాలూ మా హాల్లోకి వచ్చాయి. స్నానానికి కేశవరావు గారు కిందికి వెళ్ళేవారు. ఆయన షవర్ కింద ఎలా నిలబడ్డారో నాకు తెలియదు, తిరిగొచ్చాక చెవుల్లో నీళ్ళు పోయాయని సణుక్కునేవారు. షహర్ బానో మా వంటగదిలో దమ్ము పెట్టి, కిటికీలు కావాలనే మూసేసి, “సూడున్రి భాయ్‌సాబ్, మీ సీలింగ్ ఎట్ల కారుతదో” అనేవారు. ఆయన రెండోసారి వడ్డించుకునేవారు.

కొత్త పైపు వేశాక కాంట్రాక్టర్ నీళ్ళు వదిలి చూసి, పొద్దున్నే సిమెంటు వేసి కప్పేస్తానన్నాడు. కేశవరావు గారు ఒప్పుకోలేదు.

“నువ్వు బిగించిన జాయింటు నువ్వే చూస్తే ఎట్టా?” అని తెలుగులోనే అడిగారు వాణ్ణి. వాడు నా వైపు చూశాడు.

“నేను చూస్తాను” అన్నాను.

“నువ్వూ వద్దు. ఇంటివాడివి.”

అద్దెకుండేవాణ్ణి, ఇంటివాణ్ణి కాదని చెప్పబోయాను. ఆయన అప్పటికే కిందికి ఫోన్ చేస్తున్నారు.

ఖాదిర్ గారు ఆఫీసునుంచి నేరుగా వచ్చారు. ప్యాంటు మడిచి, మోకాళ్ళ మీద గోతిలోకి వంగారు. ఆయన జీవితంలో పైపు ముట్టుకోవడం అదే మొదటిసారేమో, పాముని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. కేశవరావు గారు లోపలికి రాలేదు. తలుపు బయట, గోడవైపు తిరిగి నిలబడ్డారు.

“టిష్యూ పేపర్ తీసుకో ఖాదర్. జాయింటు చుట్టూ చుట్టు. పైన కాదు, కింది వైపు చూడు. నీళ్ళు కిందికి చేరతాయి.”

“చుట్టిన.”

“గట్టిగా పట్టుకో. కాసేపుంచు. ఇప్పుడు తీసి వెలుతురులో చూడు. ఏం కనిపిస్తోంది?”

“అన్నా, జర నువ్వు మాట్లాడకు. నన్ను సూడనియ్.”

కేశవరావు గారు నోరు మూసుకున్నారు. ఆయన వేళ్ళు చొక్కా అంచును పట్టుకుని ఉన్నాయి. హాల్లో బల్ల మీద ఖాదిర్ గారి ఫోన్ మోగింది. షహర్ బానో తీసి స్పీకర్‌లో పెట్టారు.

“అబ్బా, కెన్ కమ్ హోమ్ ఆల్రెడీ ఆర్ నాట్?” అంది సెంగ్‌కాంగ్ నుంచి హుమా, వాళ్ళ నాన్నను.

ఖాదిర్ గారు కళ్ళద్దాలు పైకి జరుపుకుని, ఆ టిష్యూని లైటుకెత్తి ఒకవైపు చూశారు, తిప్పి ఇంకోవైపు చూశారు. ఇంకో టిష్యూ అడిగి తీసుకున్నారు.

“పొడిగనే ఉన్నది” అన్నారు చివరికి. “గని నేను రేపు పొద్దుగాల మళ్ళ వచ్చి సూస్త. అప్పటిదాంక సిమెంట్ ఎయ్యనియ్యకు.”

“సరే” అన్నారు కేశవరావు గారు. ఇంకా గోడవైపే తిరిగి ఉన్నారు.